మంచినీళ్ళాయన

ఆయన అసలు పేరు బ్యాంకు కాగితాల మీదా, చివరికి కోర్టు నోటీసుల మీదా తప్ప ఎక్కడా పెద్దగా వినపడలేదు. బజారుకి ఆయన మంచినీళ్ళాయన. హార్డ్‌వేర్ కొట్టు మీద రెండు గదుల్లో ఫైనాన్సు ఆఫీసు పెట్టి, వ్యాను కొనుక్కునేవాళ్ళకీ, కుట్టు మిషన్లు కొనుక్కునేవాళ్ళకీ, కొట్టు పెంచుకునేవాళ్ళకీ అప్పులిచ్చి, సగం జీవితం మొండి బాకీ అన్నది ఎరగకుండా నెట్టుకొచ్చిన మనిషి. ఆయన మెట్లు దిగుతుంటే కింద కొట్టువాడు మేకులు తూచడం ఆపి నమస్కారం పెట్టేవాడు.

ఆ పేరు రావడానికి కారణం ఆయన అప్పిచ్చే పద్ధతి. అప్పు కావాలని ఎవరైనా కట్టల కొద్దీ కాగితాలు తెస్తే వాటిని పక్కన పెట్టి, “సరే, చూద్దాం” అనేవాడు. తర్వాత ఏదో ఒక రోజు చెప్పాపెట్టకుండా ఆ మనిషి ఇంటి గుమ్మంలో ప్రత్యక్షమై, “ఇటుగా పోతున్నానమ్మా, దాహం వేసింది. కాసిని మంచినీళ్ళిస్తారా?” అనేవాడు. నీళ్ళు తాగి, కాసేపు లోకాభిరామాయణం మాట్లాడి వచ్చేసేవాడు. మర్నాడు అప్పు ఇచ్చేదీ లేనిదీ తేల్చేవాడు.

చూసేవాళ్ళకి అది దాహం, ఆయనకి అది పరీక్ష. పిలవగానే లోపల ఏ గొంతు పలికింది, కసురుకుందా, పలకరించిందా? గ్లాసు తెచ్చిన ఇల్లాలు నేరుగా వచ్చిందా, మొగుడి వంక ఒకసారి బెదురుగా చూసి కదిలిందా? పిల్లలు తండ్రి దగ్గరికొచ్చారా, గోడకి అంటుకుపోయారా? అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఎవరూ చెప్పని మంచి పని ఒకటి ఆ ఇంట్లో ఎవరైనా చేశారా? కుర్చీ మీద బట్టలు తీసి కూర్చోమనడమో, వీపు వెనక దిండు సర్దడమో, ఏదైనా సరే. అడగకుండా ఒకరి సుఖం చూసే మనిషి ఉన్న ఇంట్లో అప్పు మునగదని ఆయన నమ్మకం. లారీ కొంటానని వేలికో ఉంగరం పెట్టుకుని వచ్చిన ఒకడికి ఆయన పైసా ఇవ్వలేదు. వాడి తల్లి నీళ్ళు తెస్తూ కొడుకుని చూసి తడబడిందట, అదీ కారణం. వేరేచోట అప్పు చేసి వాడు ఊరు విడిచి పారిపోయాక ఆయన మీసం ఇంకాస్త పైకి లేచింది.

“ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. నేను తిరగేశాను. ఇల్లాలిని చూసి ఇంటికి అప్పిస్తాను,” అనేవాడు. ఆఫీసులో అనేవాడు, క్షౌరం చేయించుకుంటూ అనేవాడు, పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చుని అనేవాడు. కిటుకు ఎవరైనా దాచుకుంటారు, ఈయన చాటింపు వేసుకున్నాడు.

“మీ కంటి సంగతి సరే, ఆ నోటికి కూడా ఒక తలుపు పెట్టించండి,” అనేది భార్య. మాటకి మాట అప్పజెప్పడంలో ఆవిడకి పెట్టింది పేరు. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ కంటిని నమ్మే జనం తమ డబ్బు ఆయన దగ్గర దాచుకునేవాళ్ళు. బట్టలు కుట్టే టైలరమ్మ, ఆసుపత్రి ఆయా, రిటైరైన డ్రాయింగు మాస్టారు, ఇల్లమ్ముకుని కూతురి దగ్గర ఉంటున్న ఆయన సొంత అక్క. బ్యాంకు కంటే కాస్త ఎక్కువ వడ్డీ, బ్యాంకు కంటే చాలా ఎక్కువ మర్యాద. “మా తమ్ముడి దగ్గరుంటే నా దిండు కింద ఉన్నట్టే,” అనేది అక్క.

అలాంటి రోజుల్లో చలిగదుల పెద్దమనిషి వచ్చాడు. ఊరి బయట కూరగాయలూ, పళ్ళూ, మందులూ నిలవ చేసే పెద్ద గిడ్డంగి కట్టానన్నాడు. అందులో ఒక్కో గదిని ఒక్కొక్కరికి అమ్ముతాడు. గది మీది, దాన్ని వ్యాపారులకి అద్దెకిచ్చే బాధ్యత నాది, నెలనెలా అద్దె మీ ఇంటికొస్తుంది అన్నాడు. తీసుకెళ్ళి చూపించాడు కూడా. పొడవాటి నడవా, రెండు వైపులా దళసరి తలుపులు, తలుపు తలుపుకీ నంబరు రేకు. ఆయనకి అమ్ముతానన్న గది తలుపు తెరిచేసరికి చలి వచ్చి మొహాన కొట్టింది. లోపల పళ్ళ పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

ఆయన ఆ చలికి పడిపోలేదు. అంత తేలిగ్గా పడే మనిషైతే అన్నేళ్ళు ఫైనాన్సు చేసేవాడు కాదు. “సరే, చూద్దాం,” అని వచ్చేశాడు. కొన్ని రోజులాగి, ఒక మండుటెండలో పెద్దమనిషి ఇంటి గుమ్మం ఎక్కాడు.

పెద్దమనిషి ఇంట్లో లేడు. ముసలాయన ఒకరు పేపరు చదువుకుంటూ, ‘మావాడు గిడ్డంగికి వెళ్ళాడు, కూర్చోండి’ అన్నాడు. ఆయన మంచినీళ్ళడగ్గానే లోపల్నించి ఆ ఇంటి కోడలు వచ్చింది. పాతికేళ్ళ లోపు పిల్ల. కబురు లేకుండా వచ్చినందుకు కంగారు పడలేదు, ఎవరి వంకా చూడలేదు. నీళ్ళిచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి, “ఇంకొంచెం తెమ్మంటారా బాబాయి గారూ?” అంది. ఆయన వద్దన్నాడు. అప్పుడు ఆ పిల్ల వెళ్ళిపోబోతూ, కిటికీలోంచి ఎండ ఆయన కంట్లో పడుతోందని గమనించి, ఏమీ అనకుండా తెర లాగి వెళ్ళింది.

ఆ తెర లాగడంతో ఆయన పని అయిపోయింది.

“కాగితాలు ఎవరికైనా చూపించారా?” అని ఆ రోజు భార్య అడిగింది.

“కాగితాలు అబద్ధం ఆడతాయి. ఆ ఇంటి కోడలు ఆడదు.”

“మీరు పెళ్ళి సంబంధం చూడ్డానికి వెళ్ళారా, డబ్బు పెట్టడానికి వెళ్ళారా?” అంది ఆవిడ. ఆ మాట మీద ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తలుచుకుంటే తర్వాత ఆవిడకి ఒళ్ళు మండేది.

ముందు తన డబ్బు పెట్టాడు. అద్దె ఠంచనుగా వచ్చింది. తర్వాత తన దగ్గర జనం దాచుకున్నది పెట్టాడు. అద్దె ఇంకా ఠంచనుగా వచ్చింది. ఫైనాన్సరే పెట్టాడట అని తెలిసి, ఆయనకి ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా వరస కట్టారు. కొత్తగా చేరినవాళ్ళ డబ్బే పాతవాళ్ళకి అద్దెగా వస్తోందని ఒక్కరికీ తట్టలేదు. ఆయన పక్కన నిలబడి ఫొటో దిగిన చలిగదుల పెద్దమనిషి ఆ ఫొటోని తన ఆఫీసులో గోడకి తగిలించుకున్నాడు.

ఒక నెల అద్దె రాలేదు. ఫోను మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. ఆయన గిడ్డంగికి పరిగెత్తాడు. కాపలావాడు కూడా జీతం అందక బయట కూర్చుని ఉన్నాడు. నడవాలో తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. కొన్నిట్లో విరిగిన కుర్చీలు, కొన్నిట్లో సిమెంటు బస్తాలు, కొన్నిట్లో ఏమీ లేదు. చల్లబడే గది మొత్తానికి ఒక్కటే. ఎవరు చూడ్డానికొస్తే వాళ్ళ నంబరు రేకు ఆ తలుపుకి బిగించేవాళ్ళు. తీసేసిన రేకులన్నీ ఒక ప్లాస్టిక్ బుట్టలో పడున్నాయి. ఆయన ఆ బుట్ట ముందు చతికిలబడ్డాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అలా అయింది. ఆయన ఇల్లు అమ్మాడు. ఆఫీసు వదిలేశాడు. భార్య ఒంటి మీద బంగారం ఆవిడే తీసి బల్ల మీద పెట్టింది. వచ్చినదంతా డబ్బు దాచుకున్నవాళ్ళకి పంచితే అందరికీ కొంచెం కొంచెం అందింది, ఎవరికీ సరిపోలేదు. టైలరమ్మ తిట్టింది. మాస్టారు తిట్టలేదు గానీ దారిలో కనపడితే రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయేవాడు. ఆయన సాక్షో ముద్దాయో తేల్చుకోవడానికి పోలీసులకి చాలాకాలం పట్టింది. చివరికి సాక్షి అన్నారు. ఆ విచారణలోనే ఒక ఇన్‌స్పెక్టరు, ఫైలు తిరగేస్తూ, మామూలుగా చెప్పేశాడు. “ఆ ఇల్లు అద్దెదండీ. ముసలాయన, కోడలు, అందరూ ఫంక్షన్లకి మనుషుల్ని పంపే ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళే. మీ మంచినీళ్ళ సంగతి వాడికి ముందే తెలుసు. మీకోసమే సెట్టు వేశాడు.”

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, నిజమే. డబ్బు పోయినప్పుడు ఆయన కుంగాడు గానీ విరగలేదు. విరిగింది ఇప్పుడు.

అద్దెకి తీసుకున్న రెండు గదుల మేడ మీద, రాత్రీ పగలూ తేడా లేకుండా, ఆ గొంతు వినపడటం మొదలైంది. ఇంకొంచెం తెమ్మంటారా బాబాయి గారూ? కుళాయి దగ్గర బిందె నిండుతుంటే వినపడేది. బస్సులో వెనక సీటులోంచి వినపడేది. వరసలో ముందు నిలబడ్డ ఏ అమ్మాయి వీపు చూసినా చుట్టూ తిరిగి వెళ్ళి మొహం చూసేదాకా ఊపిరాడేది కాదు. చలిగదుల పెద్దమనిషి ఆయన కలలోకి ఒక్కసారి కూడా రాలేదు. ఈ పిల్లే వచ్చేది. వచ్చి తెర లాగేది. గది చీకటయ్యేది, ఆ చీకట్లో బయటికి దారి ఉండేది కాదు.

ఆయన భయం ఒక్కటే. ఆ తెర నటనైతే, తను ఇన్నేళ్ళు చూసిన తెరలన్నీ ఏమిటి? మంచితనం అద్దెకి దొరికే సరుకైతే, నిజమైనదానికి గుర్తేమిటి? అక్క వచ్చి కూర్చుని, తన డబ్బు ఊసెత్తకుండా, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి వెళ్ళేది. ఆ ఊసెత్తకపోవడం ప్రేమా, లోపల ఇంకేదో పెట్టుకుని పైకి ఆడుతున్న ఆటా అని ఆయన ఆమె మొహాన్ని వెతికేవాడు. చివరికి ఆ రోగం ఇంట్లోకి పాకింది. భార్య నీళ్ళు తెస్తే గ్లాసు అందుకోకుండా ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఉండిపోయేవాడు.

ఆవిడ చాలాకాలం ఓర్చుకుంది. ఒకరోజు గ్లాసు ఆయన చేతికి ఇవ్వకుండా కిటికీలో పెట్టేసింది.

“నన్ను అలా చూడకండి. ఇల్లు పోయింది, భరించాను. మీరు అలా చూస్తుంటే నాకు నేనే దొంగలా అనిపిస్తున్నాను. ఇన్నేళ్ళ కాపురం తర్వాత నేను నిజమని సాక్ష్యం ఎక్కడినుంచి తెమ్మంటారు?”

“నిన్ను అనుమానించడం లేదోయ్.”

“అనుమానిస్తున్నారు. మీకే తెలియకుండా అనుమానిస్తున్నారు. ఆ పిల్ల ఎక్కడుందో వెతకండి. ఆ తెర నటనో కాదో అడిగి తేల్చుకోండి. అది తేలేదాకా మీరు నా మనిషి కారు.”

వెతకడం ఆయన పాత గుమాస్తా చేశాడు. కొరియర్ ఆఫీసులో పని దొరికాక కూడా సెలవు రోజుల్లో వచ్చి “సార్” అని నిలబడే మనిషి అతను. ఏజెన్సీ మూతపడింది. అందులో పనిచేసినవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని పట్టుకుని, అడిగి, చివరికి ఆచూకీ తెచ్చాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తోంది ఆ అమ్మాయి.

లాండ్రీ ఒక పెద్ద రేకుల షెడ్డు. ఒక వైపు గుండ్రటి గాజు తలుపుల మిషన్లు గిరగిరా తిరుగుతున్నాయి. ఇంకో వైపు పొడవాటి బల్లల దగ్గర ఇద్దరిద్దరు ఆడవాళ్ళు దుప్పటి కొసలు పట్టుకుని, దగ్గరికొచ్చి, మడిచి, మళ్ళీ దూరం జరుగుతున్నారు. ఆవిరికి అందరి జుట్టూ నుదుటికి అతుక్కుని ఉంది. ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఆ పిల్లని వెంటనే గుర్తుపట్టాడు. ఇన్నాళ్ళు ప్రతి వీపులోనూ వెతికిన మొహం నిజంగా ఎదురయ్యేసరికి కాళ్ళు వెనక్కి తిరుగుతామన్నాయి.

ముందు ఆమే చూసింది. చేతిలో కొస జారిపోయింది. సూపర్‌వైజరుతో ఏదో చెప్పి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. షెడ్డు పక్కన ఖాళీ ట్రాలీల మధ్య ఇద్దరూ నిలబడ్డారు.

“పోలీసుల్ని తెచ్చారా బాబాయి గారూ?”

ఆ పిలుపుకి ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. “లేదమ్మా. ఒక్కటే అడగడానికొచ్చాను. ఆ రోజు తెర లాగావు, గుర్తుందా?”

ఆమె తెల్లబోయింది. “తెరేంటండీ?”

“కిటికీ తెర. ఎండ పడుతోందని లాగావు. అదీ వాళ్ళు చెప్పిందేనా?”

ఆమె గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది. ఆయనని ఇన్నాళ్ళు నిద్రపోనివ్వని సంగతి ఆమెకి గుర్తే లేదు.

“మా ఏజెన్సీ సారు వచ్చి, ఆ ఇంటి అసలు కోడలు ఊళ్ళో లేదు, పట్టింపులున్న పెద్దాయన వస్తారు, ఇంటి మనిషిలా ఉండు అన్నారండీ. మీరు ఎప్పుడొస్తారో తెలీదని రోజూ పొద్దున్నించీ కూర్చోబెట్టారు. నీళ్ళివ్వమన్నారు, బాబాయి గారూ అనమన్నారు, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడమన్నారు. తెర సంగతి ఎవరూ చెప్పలేదండీ. ఎండ పడుతుంటే లాగుంటాను.”

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నటన కాదు. కన్ను మోసపోలేదు. పక్కనున్న ట్రాలీని పట్టుకుని నిలబడ్డాడు. ఎన్నో నెలల తర్వాత ఊపిరి లోపలిదాకా వెళ్ళింది. “బతికించావమ్మా,” అన్నాడు. “నువ్వు మంచి పిల్లవి. ఆ రోజు నేను చూసింది నిజమే.”

ఆమె నవ్వలేదు. ఆయన మొహం వంక వింతగా చూస్తోంది.

“మా డబ్బేమైనా తిరిగొస్తుందేమో చెప్పడానికొచ్చారనుకున్నాను,” అంది.

“మీ డబ్బా?”

“మేమూ పెట్టామండీ. అమ్మ చీటీ పాడి ఎత్తిన డబ్బు. టిఫిన్ బండి పెట్టుకుందామని దాచుకున్నది. నేనే బలవంతం చేసి పెట్టించాను.”

“అదేమిటమ్మా! అది వాళ్ళ ఇల్లు కాదని నీకు తెలుసు. నువ్వు కోడలివి కాదని తెలుసు. తెలిసి తెలిసి ఎలా పెట్టావు?”

“మీరు పెట్టారని గిడ్డంగివాళ్ళు చెప్పారండీ. ఆ రోజు వచ్చిన బాబాయి గారు ఊళ్ళో అందరికంటే జాగ్రత్త మనిషట, ఆయన పెట్టాడంటే ఇక చూసుకోనక్కర్లేదు అన్నారు. ఇల్లు అద్దెదైతే ఏం, కోడలు అబద్ధమైతే ఏం, పెద్దవాళ్ళు గొప్పకి అలాంటివి చేస్తుంటారు కదా అనుకున్నాను. మీరు లెక్కలూ కాగితాలూ అన్నీ చూసుకుని, ఊరికే మర్యాదకి ఇంటికొచ్చి వెళ్ళారనుకున్నాను. మీరు అసలేం చూసి పెట్టారండీ?”

ఆయన చూపు ఆమె మొహం మీదే ఆగిపోయింది. మిషన్లు తిరుగుతున్న చప్పుడు రేకుల్లోంచి వినపడుతోంది. ఆమె ఆయన మొహం చూస్తూ చూస్తూ, మెల్లగా అర్థం చేసుకుంది. ఎర్రటి ఎండలో కూడా ఆ పిల్ల మొహం పాలిపోయింది.

“నన్ను చూసా?” అంది.

ఆయన తల దించుకున్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన కాళ్ళ మీద పడి ఉండేవాడేమో. లోపల్నించి సూపర్‌వైజరు కేక వేశాడు. ఆమె ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగింది.

“నన్ను చూసి మీరు పెట్టారు, మిమ్మల్ని చూసి మేము పెట్టాం. మరి వాడిని ఎవరు చూశారండీ?”

జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది. తలుపులోంచి చూస్తే, మళ్ళీ దుప్పటి కొస పట్టుకుని నిలబడి ఉంది.

ఆయన ఇల్లు చేరేసరికి భార్య మేడ మెట్ల మీద కూర్చుని దిండు గలీబుకి కుట్టు వేస్తోంది. ఆయన రెండు మెట్లు కింద కూర్చున్నాడు. ఆవిడ సూది ఆపింది.

“కనపడిందా?”

“కనపడింది.”

“అడిగారా?”

“అడిగాను. నటన కాదట. ఆ తెర ఎవరూ చెప్పలేదట. తనంతట తనే లాగింది.”

ఆవిడ గుండెల మీంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. “పోన్లెండి. అంత మోసంలో ఒక్కటైనా నిజమని తేలింది. ఇక మీరు నా మనిషే.” ఆవిడ భుజం మీద చెయ్యి వేసేసరికి, ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. “అయ్యో, ఏమిటిది? మంచి మాటే కదా విన్నారు?”

“నటనైతే బాగుండేదోయ్,” అన్నాడు ఆయన. “ఆ పిల్ల దొంగదైతే నేను ఒట్టి మోసపోయినవాణ్ణి. వాళ్ళమ్మ దాచుకున్నది కూడా నా పేరు చూసి అందులోనే పోసిందట. ఇప్పుడు చెప్పు, ఆ పిల్లని ముంచిందెవరు?”

జీవితమంతా మాటకి మాట అప్పజెప్పిన ఆ ఇల్లాలు సూది పక్కన పెట్టి, రెండు మెట్లు దిగొచ్చి ఆయన పక్కన కూర్చుంది.